పెరటి స్ట్రాబెర్రీ: ఇరువురు వియ్యంకుల సంవాదము

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున, ఎడిసన్ పట్టణ ప్రాంతమున, వసంతము ప్రవేశించుటకును తెలుగు తల్లిదండ్రులు విమానములు దిగుటకును ఏదో సంబంధమున్నట్లు కనబడును. మార్చి నెల కడపటి దినములలో మంచు కరగి పచ్చిక తల యెత్తునప్పటికి, పంచెకట్టు మీద చలికోటు తొడిగిన పెద్దలు వీథివీథిని నడకకు బయలుదేరుదురు. సందర్శకులకిచ్చు అనుమతి సాధారణముగా ఆరు మాసములకు మించి యుండదు గనుక, వారు ఈ దేశపు పంటకాలమును ఇంచుమించు మొదటినుండి తుదివరకు చూచి, శీతకాలమును మాత్రము చూడకయే మరలిపోవుదురు. ఈ సంగతి మొదటనే చెప్పుటకు కారణమున్నది. క్రింది వివాదమంతయు దాని చుట్టునే తిరుగుచున్నది.

మా పొరుగింటి గృహస్థు తండ్రి మదనపల్లె ప్రాంతమున టమాట సేద్యముతో తల నెరసినవాడు. ఆ గృహిణి తండ్రి తెనాలిలో ఆంధ్రోపన్యాసకుడుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడు. ఈ యేడు ఇరువురును ఒకే వసంతమున వచ్చిరి. పెరటిలో స్ట్రాబెర్రీ వేయవలెనని మనుమరాలు పట్టుబట్టినది. వేయవలెనన్న విషయమున తాతలకు భేదము లేదు. ఏ రకము వేయవలెనన్న చోట వచ్చినది. నారు అమ్మువారి పట్టిక నొకదానిని నడుమ బెట్టుకొని వారు వాదించుచుండగా కాఫీకి పిలువబడినవాడనై నేను వింటిని. రైతు మాటలను గూడ నా కలమునకు అలవాటైన భాషలోనే వ్రాసితిని. ఆయన నుడికారమును యథాతథముగా పట్టుటకు నాకు శక్తి చాలలేదు.

అధ్యాపకుడు: బావగారూ, ఈ పట్టికను నేను శ్రద్ధగా చదివితిని. ఇందలి రకములన్నియు రెండు తెగలుగా విభక్తములై యున్నవి. ఎర్లీగ్లో, స్పార్కిల్, జ్యూయెల్, ఆల్‌స్టార్ మొదలైనవి జూన్ నెలలో మూడు వారములపాటు కాచి, పిమ్మట సంవత్సరమంతయు ఆకులు మాత్రము చూపించి ఊరకుండునవి. ఆల్బియన్, సీస్కేప్, ట్రైస్టార్ మొదలైనవి పగటి నిడివిని లెక్కసేయక, నాటిన సంవత్సరముననే జూలై చివరనుండి మంచు పడు దాక విడతలు విడతలుగా కాచునవి. మనమా, సెప్టెంబరు తుదికి పెట్టెలు సర్దుకొనవలసినవారము. జూన్ రకమును ఈ ఏప్రిలున నాటినచో ఈ యేటి పూవులన్నియు గిల్లి పారవేయవలెనట! పండు వచ్చు జ్యేష్ఠమాసమున నేను తెనాలిలో పంకా క్రింద కూర్చుండి, మనుమరాలు టెలిఫోను తెరమీద చూపించెడి పండును చూచి చప్పరింపవలసినదేనా? కాల పరిమితి గలవారికి కాలమును పాటింపని మొక్కయే తగినదని నా సిద్ధాంతము.

రైతు: తినువాని పక్షమున మీరు చక్కగా వాదించితిరి. పెంచువాని పక్షము నేను చెప్పెదను. నాటిన యేడు మొక్కకు వేరు కావలెను, ఆకు కావలెను, పిలక కావలెను. అప్పుడే కాపు నిలుపుట పాలు మరువని దూడను కాడికి గట్టుట వంటిది. జూన్ రకమును రెండడుగుల యెడమున నాటి, పూవులు గిల్లి విడిచినచో, వేసవిలో ఒక్కొక్క తల్లిమొక్క నలుదిక్కులకు పాకుతీగలను పంపును. ఇక్కడివారు వానిని రన్నర్లందురు. తీగ కణుపు తడినేలను తాకినచోట పిల్లమొక్క వేరూనును. ఆకు రాలు కాలము వచ్చునప్పటికి సాలు అడుగున్నర వెడల్పున పిల్లలతో నిండిపోవును. ఇక మీరు పట్టికలో చదివియుండని ముచ్చట యొకటి యున్నది. రాబోవు వసంతమున విచ్చెడి పూవు ఈ సెప్టెంబరు, అక్టోబరు మాసములలోనే, పగలు కురుచయై రాత్రులు చల్లబడునప్పుడు, మొవ్వు లోపల కంటికి కానరాని మొగ్గగా ఏర్పడును. మనము ఆశ్వయుజమున చేసిన సేవకు ఆ మొక్క జ్యేష్ఠమున ప్రత్యుపకారము చేయును. అందుచేతనే తెలిసినవారు జూన్ రకమునకు నత్రజని యెరువును కాపు తీరిన పిదపను, మరల ఆగస్టు చివరను వేయుదురేగాని, వసంతమున వేయరు. వసంతమున వేసితిరా, ఆకు విజృంభించును, పండు మెత్తబడి బూజు పట్టును.

అధ్యాపకుడు: ఇందులో నాకు నచ్చని దొక్కటియే, మీరు ఏటికొక్క కాపును సృష్టి ధర్మమువలె చెప్పుచున్నారు. ఈ పెరటి స్ట్రాబెర్రీకి సృష్టి ధర్మమెక్కడిది? దీని వంశ చరిత్రమును విన్నచో మీకే తెలియును. 1712లో ఫ్రెజియే అను ఫ్రెంచి సైనిక శిల్పి, స్పెయిన్‌వారి కోటలను రహస్యముగా పరిశీలించుటకై దక్షిణ అమెరికాకు పంపబడినాడు. చిలీ తీరమున కన్సెప్షన్ ప్రాంతమందు, అక్కడి మపూచే జనులు తరతరములుగా సాగుచేయుచున్న పెద్ద పండ్ల స్ట్రాబెర్రీని చూచి, 1714లో మరలునప్పుడు కొన్ని మొక్కలను ఓడలో వెంటదెచ్చినాడు. ఓడలో మంచినీటికి ఎంత కరవో చెప్పనక్కరలేదు. బ్రతికి తీరము చేరినవి అయిదే. చేరిన తరువాత తేలినదేమనగా, అవి యన్నియు ఆడమొక్కలు, పూచును, కాయవు! పిమ్మట బ్రెస్ట్ పట్టణ ప్రాంతపు తోటలలో, ఉత్తర అమెరికా తూర్పు అడవులనుండి అంతకుముందే తేబడిన వర్జీనియా జాతి మొక్కలు వాని ప్రక్కన ఉండుటచేత పరాగము కలిసి, చిలీ పండు పరిమాణమును వర్జీనియా పండు ఎరుపును గల సంకరము పుట్టినది. డ్యుషేన్ అను ఇరువదియేండ్లు నిండని యువకుడు 1766లో ప్రకటించిన గ్రంథములో ఆ సాంకర్యమును గుర్తించినాడు. నేడు లోకమంతట తినుచున్న తోట స్ట్రాబెర్రీ అంతయు ఆ సంకరపు సంతతియే. రెండు అమెరికాలు ఫ్రాన్సులో కలిసి కన్న మొక్కకు, దాని మీద మరియొక గుణమును తెచ్చి చేర్చినంత మాత్రమున అపచారమేమి కలిగినది?

రైతు: అపచారమని నేననలేదు. ఆ గుణ మెక్కడినుండి వచ్చినదో కూడ చెప్పుడు మరి.

అధ్యాపకుడు: చెప్పెదను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బ్రింగ్‌హర్స్ట్ అను శాస్త్రజ్ఞుడు యూటా రాష్ట్రమున వాసాచ్ పర్వతములమీద, పగటి నిడివితో నిమిత్తము లేక పూచెడి అడవి మొక్కను కనిపెట్టి, దానిని తోట రకములతో తరతరములు సంకరపరచగా, 1979లో బ్రైటన్, హెకర్, ఆప్టాస్ అను మొదటి రకములు వెలువడినవి. ఆల్బియన్, సీస్కేప్ మొదలైనవి ఆ సంతతిలోనివే.

రైతు: ఇప్పుడు నా ప్రశ్న. ఆల్బియన్‌ను తయారుచేసినవారు దానిని ఎచటి వాతావరణమునకు తయారుచేసిరి? కాలిఫోర్నియా సముద్రతీరమునకు. అక్కడ వేసవియందును ఉదయము పొగమంచు పట్టును, మధ్యాహ్నము చల్లగాలి వీచును. న్యూజెర్సీ జూలై ఎట్లుండునో మీరే చూచెదరు. మన ఊరి ఉక్క ఇచట కూడ తప్పదు. ముప్పది డిగ్రీల సెంటిగ్రేడు దాటిన వేడి కొన్నాళ్లు నిలిచినచో, మీ కాలాతీతమైన మొక్కయు పూయుట మానివేయును. పూవు మొదలు పండు వరకు ఇంచుమించు నెల పట్టును గనుక, జూలైలో పూవు మానిన మొక్క ఆగస్టులో మనకు చేయి చూపును. సెప్టెంబరు చల్లబడి మరల పూచునప్పటికి మనము విమానములో నుందుము! పగటిని లెక్కచేయకపోవచ్చునుగాని, వేడిని లెక్కచేయక గతిలేదు.

(ఈ మాటకు అధ్యాపకుడు కొంత తగ్గెననుట నా అభిప్రాయము. ఆయన పట్టికను మరల తిరుగవేసెను.)

అధ్యాపకుడు: అట్లయిన ట్రైస్టార్ సంగతి యేమి? అది కాలిఫోర్నియాలో పుట్టినది కాదు. వాషింగ్టన్ నగరమునకు చేరువను మేరీలాండున బెల్ట్స్‌విల్ అనుచోటనున్న ప్రభుత్వ పరిశోధన క్షేత్రము 1981లో విడుదల చేసినదని యున్నది. యూటా గుణమును తూర్పుతీరపు రకములలోనికి ఎక్కించిరట.

రైతు: ఆ మాట సమంజసముగా నున్నది. పండు చిన్నదైనను రుచి గలదని వినికిడి. తడి నేలలలో వేరు నడిమిభాగమును ఎర్రబరచి చంపెడి తెగులునకు కూడ తట్టుకొనును. నేనైనను, రకమును ఎన్నువాడు మొదట దాని పుట్టినచోటును అడుగవలెననుచున్నాను. ఎర్లీగ్లో సయితము ఆ బెల్ట్స్‌విల్ క్షేత్రపుదే, 1975 నాటిది. జ్యూయెల్ న్యూయార్కు రాష్ట్రములో కోర్నెల్ విశ్వవిద్యాలయమువారిది, 1985. స్పార్కిల్ అయితే ఈ న్యూజెర్సీ మట్టిలోనే పుట్టినది, 1942లో. ఈ రాష్ట్రపు రట్గర్స్ సంస్థవారు 1934లో విడిచిన టమాట ప్రఖ్యాతి నా బోటివానికి తెలియనిది కాదు గనుక, వారి మాట నేను తేలికగా త్రోయను. మన దేశములో చూడుడు. మహాబలేశ్వరమువారు 2010లో భౌగోళిక గుర్తింపు పొందినంత పేరుగల పంట పండించుచు, ఏటేట విదేశములనుండి తల్లిమొక్కలను తెప్పించి, వానకాలములో పిల్లలు తీసి, సెప్టెంబరు, అక్టోబరులలో నాటి, చలికాలమంతయు కోయుదురు. వారు వేయునవి కాలిఫోర్నియా, ఫ్లోరిడాల కురుచపగటి రకములే: చాండ్లర్, కామరోసా, స్వీట్ చార్లీ, వింటర్ డాన్. ఎందుచేతననగా మన కొండల చలికాలము ఆ రకములకు పూవు పుట్టించు శరత్కాలమునకు సరిపోవును. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలో లంబసింగి వారును అట్లే చలిని నమ్ముకొని వేయుచున్నారు. ఎర్లీగ్లోను అచటికి తీసికొనిపోయినచో, దానికి కావలసిన నిండు శీతనిద్ర దొరకక ఆకులతో సరిపెట్టును. మొక్కకు జాతకము రుతువులలో నున్నది.

అధ్యాపకుడు: తెనాలి డాబామీద?

రైతు: కార్తికము వచ్చిన తరువాత కుండీలో పెట్టుకొని మాఘము దాక ముచ్చట తీర్చుకొనవచ్చును. ఫాల్గుణపు ఎండకు అది సెలవు తీసికొనును. ఇచటి మొక్కను సంచిలో దాచి తీసికొనిపోవు ఊహ యేమైన నున్నచో మానుకొనుడు. అనుమతి లేక దేశము దాటించుట చట్టవిరుద్ధము, తెగుళ్లు వెంట వచ్చును.

అధ్యాపకుడు: ఆ ఊహ నాకు లేదు. (ఉన్నట్లే నాకు తోచినది.) ఇక రుచి మాటకు వత్తము. మొన్న అంగడినుండి తెచ్చిన పెట్టెలో పండ్లు కోడిగ్రుడ్డంత యుండి, కోసి చూడగా నడుమ బోలు, తొడిమ క్రింద తెలుపు, వాసన సున్న. పులుపొక్కటి యున్నది. ఇది నాలుగు దినములుంచిన మాగునని నేను కిటికీలో బెట్టితిని. ఎరుపు చిక్కబడినదిగాని తీపి రాలేదు.

రైతు: రాదు. మామిడిని గడ్డిలో మాగవేయవచ్చును, అరటిని పొగబెట్టవచ్చును. స్ట్రాబెర్రీ తల్లినుండి తెగిన క్షణముననే తీపి సంపాదించుట ఆగిపోవును. దూరమునకు పోవలసిన పండును ముప్పాతిక ఎరుపునకే కోయుదురు, గట్టి రకమునే వేయుదురు. నేను టమాట విషయములో నలుబది యేండ్లు చేసినది అదియే గనుక వారిని నిందింపను. మెత్తటి పండు మదనపల్లె మార్కెట్టునుండి చెన్నపట్టణము చేరదు. పెరటివానికి ఆ బాధ యేమి? చెట్టునుండి నోటికి పది అడుగుల దూరము. పెరటివాడు గట్టిదనమునకు పేరుపడ్డ రకమును ఎన్నుకొనుట, లారీ లేనివాడు లారీకి తగిన పండు పండించుటయే. స్పార్కిల్ పండు మెత్తన, చేతిలో నలుగును, కాపు తుదకు వచ్చుకొలది చిన్నబడును. అందుచేతనే అంగళ్లలో దానిని కానము, అందుచేతనే పెరటిలో వేయవలెను. ఎర్లీగ్లో పండు కూడ మొదట పెద్దదై, తరువాత చిన్నదైపోవును. మిఠాయి చేయువారు, రుచి తెలిసినవారు మాత్రము దానిని వదలరు. ఆల్బియన్ గట్టిది, దూరప్రయాణమునకు పనికివచ్చును, పూర్తిగా మాగనిచ్చినచో తీపి కూడ కలదు. అయినను, పూర్తిగా మాగనిచ్చినప్పుడు ఏది తీయగా నుండదు?

అధ్యాపకుడు: ఫ్రాన్సువారి మారా దే బ్వా ఉన్నది; 1991 నాటిది. అడవి స్ట్రాబెర్రీ పరిమళమును దానియందు నిలిపిరట. అదియు విడతలుగా కాచునదే. రుచికి జూన్ రకములే గతియను మీ మాట నిలువదు.

రైతు: నిలువదని ఒప్పుకొంటిని. దాని నారు దొరకుట యెట్లో, ఈ ఉక్కలో నిలుచుట యెట్లో నాకు తెలియదు గాని, వాసన మాట నిజమేయని విన్నాను.

ఇచట రైతు లేచి, బల్లమీదనున్న గిన్నెలోనుండి ఒక వికారపు పండును ఏరి తెచ్చి అధ్యాపకుని అరచేతిలో నుంచెను. అది ప్రక్కతోట నుండి తెచ్చిన పండు కాదు. ఆ అంగడి పెట్టెలోనిదే. పైభాగము నిండుగా నుబ్బియున్నను కొన ముడుచుకొని, కొప్పు బిగించినట్లు నొక్కుకొనిపోయినది. ఆ ముడుత దగ్గర గింజలు ఒకదానినొకటి ఒరసికొని, పసుపు తిరిగి, ఆవగింజలో సగము లేవు. నిండియున్న భాగమున గింజ గింజకును నడుమ ఎడము గలదు. ఒక్కొక్కటి తన గుంటలో తాను కూర్చున్నది.

రైతు: ఈ గింజలే అసలు పండ్లు, మనము తినెడి ఎర్రని గుజ్జు పూవు క్రిందనుండెడి పీఠము, ఉబ్బినది. ఏ గింజకు పుప్పొడి అందినదో దాని క్రింది గుజ్జు మాత్రమే ఉబ్బును. మా అబ్బాయి చదివి చెప్పినది, 1950లో నిచ్ అను శాస్త్రజ్ఞుడు లేత కాయమీది గింజలను గిల్లివేసి చూడగా గుజ్జు పెరుగుట ఆగినదట. గింజలో పుట్టెడి ఆక్సిన్ అను రసమే పెరుగుదలకు ఆజ్ఞ యిచ్చునట. ఇప్పుడీ పండును చూడుడు. కొనయందలి గింజలు బోలు. చలికి తేనెటీగ రాకపోయినను, పూవును నల్లి వంటి పురుగు కుట్టినను ఇట్లగును. ఒకే పూవుగుత్తిలో మొదట విచ్చునది పెద్దపూవు. దాని పండే అన్నిటికన్న పెద్దది. మే మొదటి వారము దాక ఇచట రాత్రి మంచు బెడద తీరదు. విచ్చిన పూవు నీరు గడ్డకట్టుదానికన్న కొంచెము చల్లబడినను చాలును, నడుమ పచ్చగా నుండవలసిన బొడ్డు నల్లబడును. రేకులు తెల్లగానే యుండి మనలను మోసగించును. ఆ రాత్రులు దుప్పటి కప్పవలెను. ఎర్లీగ్లో ముందు పూయును గనుక ఆ బెడద దానికి ఎక్కువ. స్పార్కిల్ ఆలస్యముగా పూయును గనుక తప్పించుకొనును.

అధ్యాపకుడు: పండును చేత బెట్టి పాఠము చెప్పుట నేను జీవితాంతమును చేయలేకపోయితిని. సరే, మడి యెక్కడ? ఎండ నిండుగా నుండెడి చోటు గదా కావలెను. నిరుడు టమాట వేసిన మడికి మించిన ఎండ ఎచటను లేదు. టమాటకు మీరు అధిష్ఠానదైవము; అందే వేయుదము.

రైతు: అందు వేయగూడదు. టమాట, వంగ, మిరప, బంగాళాదుంప, బెండ, ఇవి పెరిగిన నేలలో వర్టిసిలియం అను బూజు నిలిచిపోయి, స్ట్రాబెర్రీ వేళ్లనుండి లోపలికి ఎక్కి, వెలుపలి ఆకులను ఎండబెట్టుచు మొక్కను చంపును. ఏండ్ల తరబడి నేలలో దాగియుండును.

అధ్యాపకుడు: మన వంటింటి కూరలన్నియు దానికి శత్రువులేనా!

రైతు: మనవాళ్ల పెరళ్లలో స్ట్రాబెర్రీ నిలువక పోవుటకు అదియొక కారణమని నా అనుమానము. పచ్చిక తీసి కొత్తగా త్రవ్వుదమా, పచ్చిక క్రింది తెల్లపురుగులు వేళ్లను కొరుకును. కంచె ప్రక్కన నిరుడు చిక్కుడు పాకించిన సాలొకటి యున్నది. ఎండయు చాలినంత పడును. అదియే తగును. అందలి మట్టి బంకగా నున్నది గనుక కంపోస్టు కలిపి, జానెడు ఎత్తు లేపవలెను; నీరు నిలిచినచోట ఈ మొక్క నిలువదు. పుల్లదనము ఆరు, ఆరున్నర మధ్య నుండునట్లు మట్టిని పరీక్షింపించుకొనుట మంచిది.

అధ్యాపకుడు: ఆ పచ్చికలో నాకొక స్ట్రాబెర్రీ అప్పుడే కనబడినది. నిరుడు వచ్చినప్పుడు చూచితిని. నేలబారున మూడేసి ఆకులు, పసుపుపచ్చ పూవు, ఎర్రని చిన్ని పండు. నోట వేసికొనగా నీళ్లరుచి.

రైతు: పూవు తెల్లగానుండవలెను, పసుపైనచో అది స్ట్రాబెర్రీ కాదు. మన దేశపు వైపునుండి వచ్చి ఈ పచ్చికలయందు స్థిరపడినది. విషము కాదులెండు.

అధ్యాపకుడు: మనవలెనే వచ్చినదన్నమాట. అయితే అనుమతి లేకయే ఉండిపోయినది.

(ఆరు మాసముల సహవాసమున వీరు వారగుదురని మనవారి సామెత. వచ్చి వారము గడువక మునుపే అధ్యాపకుడు మట్టిని గూర్చియు, రైతు పరిశోధన గ్రంథములను గూర్చియు మాటాడుచుండుట చూడగా, సామెత గడువును కొంత కుదించుకొనినట్లు నాకు తోచినది.)

అధ్యాపకుడు: నాటుటలో మెళకువ యేమైన నున్నదా, లేక గుంట తీసి పెట్టుటయేనా?

రైతు: అసలు గుట్టు అందే యున్నది. నారు ఇరువదియైదేసి మొక్కల కట్టగా, మట్టి లేకుండ, నిద్రలోనున్నట్లు వచ్చును. చూచినవాడు చచ్చినదనుకొనును: గోధుమవన్నె వేళ్ల కుచ్చు, పైన ఎండిన ఆకు తొడిమలు, నడుమ చిటికెన వ్రేలంత మొదలు, దాని నెత్తిన ముడుచుకొనిన పచ్చని మొవ్వు. వేళ్లను కొంతసేపు నీట నానవేసి, మరీ పొడవైనవానిని జానెడు లోపునకు కత్తిరింపవలెను. గుంటలో మట్టిని చిన్న దిబ్బగా పోసి, దానిమీద వేళ్లను చుట్టును జార్చి మట్టి కప్పవలెను. వేళ్లు మడతపడి పైకి తిరిగినచో మొక్క లేవదు. మొదలులో సగము మట్టి లోపల, సగము పైన. మొవ్వు మునిగినచో క్రుళ్లును; వేరు కనబడినచో ఎండును. తప్పు ఒప్పుల నడుమ అరంగుళము మాత్రమే యున్నది. చేతితో అదిమి, నీరు పోసి, మన్ను దిగబడిన తరువాత మరల వచ్చి చూడవలెను. మొదటి నీటికి మొవ్వు మీదికి మన్ను కొట్టుకొనివచ్చుట కద్దు. పిమ్మట వారమునకు అంగుళపు వాన, లేదా అంత నీరు.

అధ్యాపకుడు: ఇంత సూక్ష్మముగా నాటినది మీ జూన్ రకమైన నేమి, నా నిత్యఫలమైన నేమి, పనియొక్కటియే గదా? పనిలో తేడా లేనప్పుడు ఫలము ముందు వచ్చునదానిని విడుచుట యెందుకు?

రైతు: తేడా నాటిన తరువాత వచ్చును. మీ రకమునకు పాకుతీగ పుట్టినది పుట్టినట్లు వేసవియంతయు త్రెంచవలెను. లేనిచో కాపు తగ్గును. నెలనెల కొంచెము ఎరువు, ఎండలలో దినదినము నీరు, రెండు మూడు దినములకొకమారు కోత. నా రకమునకు తీగను విడిచిపెట్టుటయే పని. కాపు తీరిన పిదప జూలైలో ఒక్కసారి, గడ్డి కోయు యంత్రమును ఎత్తుగా బెట్టి, మొవ్వు తెగకుండ ఆకులన్నిటిని కోసివేసి, సాలును అడుగు వెడల్పునకు తగ్గించి, ఎరువు వేసినచో మూడు నాలుగేండ్లు కాచును. చలి గట్టిపడిన తరువాత గోధుమగడ్డి కప్పవలెను. వసంతమున క్రొత్తాకు తొంగిచూచునప్పుడు దానిని సాళ్ల నడుమకు లాగవలెను. పండు మట్టినంటక శుభ్రముగా నుండును. పక్షులకు వల, చారల ఉడుతలకు దేవుడు.

ఈ సందర్భమున గృహిణి కార్యాలయపు పని ముగించుకొని పైనుండి దిగి వచ్చి, తండ్రి ప్రక్కనున్న కుర్చీలో కూర్చుండెను. వాదము సాంతముగా ఆమె చెవిని బడియే యుండవలెను. మేడమీద కిటికీ తెరచియే యున్నది.

అమ్మాయి: నాన్నా, మామయ్యగారూ, మీరిద్దరును రకములను గూర్చి చెప్పినదంతయు వింటిని. నేనడిగెడిది రెండు మాటలు. జూలైలో దినదినము తీగ త్రెంచి నీరు పోయువారెవరు? డిసెంబరులో గడ్డి కప్పువారెవరు?

రైతు: మా అబ్బాయి యున్నాడు గదమ్మా.

అమ్మాయి: ఆయన నిరుడు కరివేపాకు కుండీని లోపలికి తెచ్చుట మరచి మంచుకు బలియిచ్చినారు.

(ఎవరును మాటాడలేదు. కరివేపాకు మృతి ఆ యింట ఇంకను పచ్చి గాయమే.)

అమ్మాయి: ఈ వేసవి మీరిద్దరు నుందురు గనుక, ఎక్కువ కనిపెట్టవలసిన పని ఈ వేసవికే రావలెను. కంచె ప్రక్కన ఎర్లీగ్లో ఒక కట్ట వేయుదము. పూవులు గిల్లుట, పిల్లమొక్కలను సాలులో సర్దుట, ఆగస్టు ఎరువు, కలుపు, అన్నియు మామయ్యగారుండగానే తీరిపోవును. మాకు మిగులునది గడ్డి కప్పుట, తీయుట, మరుసటి జూలైలో యంత్రము నడపుట. గడ్డి సంగతి నేను చూచుకొందును. అది నాకు మరపు రాదు. వంటింటి మెట్లమీద అరడజను కుండీలలో ఆల్బియన్ గాని ట్రైస్టార్ గాని పెట్టుదము. ఎండ మరీ ముదిరినప్పుడు వానిని మధ్యాహ్నము నీడకు జరుపవచ్చును. నేలలోని మొక్కను జరుపలేము గదా. అవి నాన్న చూచుకొనవలెను. చలి వచ్చినప్పుడు వానిని తీసిపారవేసి, మరల వసంతమున మీరు వచ్చినప్పుడు క్రొత్తవి పెట్టుదము. శీతకాలములో నాకు వానితో పని లేదు.

అధ్యాపకుడు: తీసిపారవేయుటయా?

రైతు: మహాబలేశ్వరములో ఏటేట చేయునదియే, బావగారూ. లంబసింగిలో కూడ. కుండీలోని వేరు ఈ చలికి గడ్డకట్టి చచ్చును. నేలలోనిదానికి భూమి వెచ్చదన మున్నది. అమ్మాయి లెక్క సరియైనది. నేనింతసేపు చెప్పినదంతయు సాలును గూర్చియే. కుండీ నా బుద్ధికి రాలేదు.

అధ్యాపకుడు: మంచిది. నా కుండీలలో జూలైకి పండు కనబడునుగదా? మనుమరాలికి ఈ సాయంకాలమే మాట యిచ్చెదను.

రైతు: కనబడును. అయితే మొదటి ఆరు వారములు ఆ కుండీలలోని పూవులను సయితము గిల్లవలెను. మే, జూన్ సగము దాక వచ్చిన పూవు వచ్చినట్లు.

అధ్యాపకుడు: నా రకమునకు కూడనా! ఆ పిల్ల ప్రతి ఉదయము బడికి పోవునప్పుడు ఆ మెట్లమీదనుండియే దిగిపోవును. తెల్లని పూవును చూచి సంతోషించి సాయంకాలము వచ్చి చూచునప్పటికి అది యుండదు. ఎందుకు గిల్లితివి తాతయ్యా అని అడిగినచో ఎవరు చెప్పవలెను?

రైతు: కుండీలు మీవి, బావగారూ. పైగా పాఠము చెప్పుట మీ వృత్తి.